పన్నుపోటా? ముఖనరపు పోటా?

మా సంఘములో ఒక తల్లి ఉన్నారు. వయస్సు అరవై దాటింది. ప్రతి ఆదివారము స్త్రీల వైపు రెండవ వరుసలో కూర్చుని, ఎత్తిన ప్రతి కీర్తనకూ గొంతు కలిపే మనిషి. అట్టి ఆమె ఒక చలికాలములో పాడటం మానేశారు. ఆ తరువాత వరుసగా రెండు నెలలు ప్రభువు బల్ల దగ్గరకు రాలేదు. కొంగు బుగ్గకు అడ్డము పెట్టుకుని తల వంచుకుని కూర్చునేవారు. పలకరిస్తే తల ఊపేవారు తప్ప మాట లేదు. కోడలితో తగవు వచ్చిందని కొందరు, మనస్సులో ఏదో దోషము పెట్టుకుని బల్లకు దూరమయ్యారని కొందరు అనుకున్నారు. నిజము చెప్పాలంటే మేము కూడా అలాగే అనుకున్నాము. ఒక సాయంకాలము వారింటికి వెళ్లి, సమాధానపడటం గురించి చాలాసేపు మాట్లాడాము.

ఆమె అంతా విన్నారు. చివరకు ఒక్కొక్క మాట ఆపి ఆపి, "అయ్యగారూ, నాకు ఎవరి మీదా కోపం లేదు. రొట్టె నమిలితే ప్రాణం పోతోంది" అన్నారు. అంతలోనే ఆమె ముఖము కుడి ప్రక్కకు బిగుసుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అర నిమిషములో మరల మామూలయ్యారు. మాకు ఏమి మాట్లాడాలో తోచలేదు.

అప్పటికే కుడి దవడ పళ్లు మూడు పీకించుకున్నారు. మొదటి పన్ను తీసిన తరువాత కొన్ని వారాలు నెమ్మదిగా ఉన్నది గనుక రోగము పన్నులోనిదే అని ఇంటివారు నమ్మారు. మరల పోటు రాగానే ప్రక్క పన్ను తీయించారు. మూడవది పిప్పి కూడా లేని గట్టి పన్ను. పళ్ల డాక్టరు "పన్ను బాగానే ఉందమ్మా" అన్నా, ఆమే బ్రతిమాలి పీకించుకున్నారట. లవంగ నూనె, ఉప్పునీళ్లు, మందులషాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు అన్నీ అయ్యాయి. గంజి తప్ప ఏదీ మింగలేక మనిషి సగమయ్యారు.

జిల్లా ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మగారు ఆమెను కూర్చోబెట్టి నిదానముగా ప్రశ్నలడిగారు. మేము ప్రక్కనే ఉన్నాము. ఆ ప్రశ్నలను మన పాఠకులకు చెప్పాలనే ఇది వ్రాస్తున్నాము.

"ఒక్క పోటు ఎంతసేపు ఉంటుంది?" ఆమె వేళ్లు లెక్కపెట్టి, "పది అంకెలు లెక్కపెట్టేలోగా పోతుంది, మళ్లీ వస్తుంది" అన్నారు. "ఎలాగుంటుంది?" "కరెంటు తీగ పట్టుకున్నట్టు." "ఏమి చేస్తే వస్తుంది?" ముఖము కడుక్కుంటే, పళ్లు తోముకుంటే, నమిలితే, మాట్లాడితే, బస్సు కిటికీలో నుండి చల్లగాలి తగిలితే. పెదవి ప్రక్కన ఒక చోట వెంట్రుక తగిలినా చాలునట. "ఎడమ ప్రక్కకు వస్తుందా?" ఎన్నడూ రాలేదు. "రాత్రి నిద్రలో లేపుతుందా?" లేదు, పడుకుంటే నెమ్మది.

డాక్టరమ్మగారు అప్పుడు ఈ రోగము పేరు చెప్పారు: ట్రైజెమినల్ న్యూరాల్జియా. ముఖములో స్పర్శను, నొప్పిని మెదడుకు చేర్చే పెద్ద నరము ప్రతి ప్రక్కా ఒకటి ఉన్నది. అది మూడు కొమ్మలుగా చీలుతుంది. ఒకటి కన్ను, నుదురు వైపు. ఒకటి బుగ్గ, పై దవడ వైపు. ఒకటి క్రింది దవడ వైపు. పళ్ల నొప్పిని మోసేది కూడా ఈ నరమే. అందుకే నరము మొదట్లో జబ్బు ఉన్నా పన్నే పోటు పెడుతున్నట్టు తోస్తుంది. ఎక్కువమందిలో మెదడు దగ్గర ఒక రక్తనాళము ఈ నరమును ఒత్తి, దాని పైపొరను అరగదీస్తుంది. కరెంటు తీగ మీది తొడుగు చిరిగితే ఏమవుతుందో మనకు తెలిసినదే. యాభై దాటినవారికి, అందులోనూ స్త్రీలకు ఇది ఎక్కువ.

మరి మొదటి పన్ను పీకగానే ఎందుకు తగ్గింది? ఈ జబ్బు కొన్నాళ్లు వేధించి, తానే వారాలు, నెలలు కూడా ఆగిపోతుంది. ఆ ఆగిన కాలమునకు ముందు ఏది చేశామో దానికే ఘనత కట్టబెడతాము. పన్ను పీకినా, తాయెత్తు కట్టినా, చివరకు మేము ప్రార్థన చేసి వచ్చినా అంతే. (ప్రార్థన వ్యర్థమని మా భావము కాదు, తొందరపడి సాక్ష్యము చెప్పించవద్దని మాత్రమే.)

ఈ పొరపాటు మన పల్లెలదే కాదు. తత్వవేత్తగా పేరుపొందిన జాన్ లాక్ వైద్యము కూడా తెలిసినవాడు. 1677లో అతడు పారిస్‌లో ఉండగా, అక్కడి ఇంగ్లీషు రాయబారి భార్యకు ఇట్టి పోటే వస్తే వెళ్లి చూచి, తన స్నేహితులకు వివరముగా ఉత్తరాలు వ్రాశాడు. ఆమె కూడా అప్పటికే పళ్లు పీకించుకుని ఉన్నది! తరువాత 1773లో క్వేకరు సహవాసమునకు చెందిన లండన్ వైద్యుడు జాన్ ఫోదర్‌గిల్ ఈ రోగ లక్షణాలను తేటగా వర్ణించాడు.

ఇక అసలైన పన్నుపోటు సంగతి. పిప్పి పన్ను చల్లనిదానికి, వేడిదానికి, తీపికి జివ్వుమంటుంది; జివ్వుమన్నది వెంటనే పోదు. లోపల చీము పడితే గంటల తరబడి సలుపుతుంది, పడుకుంటే ఎక్కువవుతుంది, రాత్రి నిద్రపోనివ్వదు. ఆ పన్ను మీద చెంచాతో మెల్లగా తడితే ఫలానా పన్ను అని మనిషే చెప్పగలడు. చిగురు వాస్తుంది, బుగ్గ ఉబ్బుతుంది, జ్వరము రావచ్చు. నొప్పి మాత్ర వేస్తే కొంత తగ్గుతుంది. నరపు పోటుకు మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు.

అయితే గీత గీసినట్టు అన్నివేళలా తేడా తెలియదు. చీలిన పన్ను కూడా కొరికినప్పుడు మెరుపులా పోటు పెడుతుంది. గనుక మొదట పళ్ల డాక్టరుకు చూపించి ఎక్సరే తీయించుకోవడమే మంచిది. పన్నులో ఏమీ లేదని ఆయన అంటే ఆ మాట నమ్మండి. ఇంకొకచోటికి వెళ్లి పీకించుకోకండి. నరాల డాక్టరు దగ్గరకు వెళ్లండి.

కొన్నిటికి ఆలస్యము చేయరాదు. ముఖము ఒక ప్రక్క మొద్దుబారినా, చెవి వినబడటం తగ్గినా, ఒకటి రెండుగా కనబడినా, నలభై ఏండ్లలోపువారికి ఈ పోటు వచ్చినా, రెండు ప్రక్కలా వచ్చినా లోపల వేరే కారణము ఉండవచ్చును, స్కానింగు అవసరము. నుదుటి మీద, కంటి చుట్టూ సర్పి పొక్కులు లేస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. దవడ నొప్పితో పాటు ఛాతీ బిగువు, చెమటలు, ఆయాసము ఉంటే అది పన్నూ కాదు, ముఖనరమూ కాదు. గుండె కావచ్చును, 108కు ఫోను చేయండి.

ఈ నరపు పోటుకు ముందుగా ఇచ్చే మందు కార్బమజెపిన్. మూర్ఛరోగులకు కూడా ఇదే ఇస్తారు. మా సంఘపు తల్లి ఇంట్లో ఇది పెద్ద గొడవ తెచ్చింది. షాపులో ఎవరో "ఇవి ఫిట్సు మాత్రలు" అన్నారట. ఆమె కుమారుడు "మా అమ్మకు ఫిట్సు లేవు" అని నాలుగు రోజులకే మాన్పించాడు. అతనితో మాట్లాడటానికి మరల ఒక సాయంకాలము పట్టింది. ఈ మందు కొద్ది మోతాదుతో మొదలుపెట్టి డాక్టరే పెంచుతారు. మొదట్లో మత్తు, తల తిరగడము ఉంటాయి. మధ్యలో రక్తపరీక్షలు చేయిస్తారు. మనంతట మనము ఆపరాదు. అయితే ఒంటిమీద దద్దుర్లు, నోటిలో పుండ్లు, జ్వరము కనబడితే తరువాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కొందరికి ఈ మందు చర్మము మీద ప్రాణాపాయమైన హాని చేస్తుంది.

మందు లొంగకపోతే ఆపరేషను ఉన్నది. చెవి వెనుక తెరిచి, నరమును ఒత్తుచున్న రక్తనాళమును ప్రక్కకు జరిపి, మధ్యలో మెత్తని అడ్డు పెడతారు. పెద్ద ఆపరేషను చేయించుకోలేనివారికి బుగ్గ గుండా సూది పంపి చేసే పద్ధతులున్నాయి. మన కుటుంబాలు తరతరాలుగా వెళ్లే రాయవేలూరు క్రైస్తవ ఆసుపత్రిలోనే 1949లో డాక్టర్ జేకబ్ చాందీగారు మన దేశములో మొట్టమొదటి మెదడు, నరాల ఆపరేషను విభాగమును ప్రారంభించారు. ఇప్పుడు అంతదూరము పోనక్కరలేదు, హైదరాబాదులోనూ విశాఖపట్నములోనూ ఈ వైద్యము ఉన్నది.

తోటి సేవకులతో ఒక మాట. ఇట్టివారికి ప్రార్థన చేసేటప్పుడు బుగ్గ మీద చెయ్యి పెట్టకండి, నూనె రుద్దకండి. ఒక ఊరిలో అలా రుద్దగానే ఒక సహోదరి కేకవేసి ముఖము వంకర పెట్టుకుంటే, దయ్యము బయటపడిందని మూడు రోజులు ఉపవాసము ఉంచారట. నెలల తరబడి నమలలేక ఎండిపోయిన మనిషికి ఉపవాసమా! పౌలు వెంట వైద్యుడైన లూకా ఉన్నాడని మనమే ప్రసంగిస్తాము గదా.

మా సంఘపు తల్లికి మందు మొదలుపెట్టిన రెండవ వారములో పోటు చాలావరకు తగ్గింది. తరువాత ఒకసారి మరల వస్తే డాక్టరమ్మగారు మోతాదు మార్చారు. ఇప్పుడు బల్లలో ఆమెకు రొట్టెను చిన్న తునకగా చేసి, పాత్రలో తడిపి ఇస్తున్నాము. నమలకుండా ఎడమ ప్రక్కన ఉంచుకుని మింగుతారు. పోయిన మూడు పళ్లకు కట్టుడు పళ్లు పెట్టించమని కొడుకును అడుగుతున్నారు. ఇంకొన్నాళ్లు ఆగుదామని డాక్టరమ్మగారు అన్నారు. ఆమె మాత్రము, పళ్లు లేకపోతే కీర్తనలో మాట సరిగా పలకడం లేదని మా మీద ఫిర్యాదు.