‘ఒసు’ రద్దయింది, వాకబు ఆగలేదు: పశ్చిమ ఆఫ్రికాలో పుట్టుక వివక్ష

2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాత్యహంకార వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. కులాన్ని అక్కడ చర్చకు పెట్టడాన్ని భారత ప్రభుత్వం వ్యతిరేకించింది. కులమూ జాతీ ఒకటి కావని, అది తమ దేశ అంతర్గత విషయమని వాదించింది. ఏడాది తిరగకముందే, 2002 ఆగస్టులో, ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ తన 29వ సాధారణ సిఫార్సులో ఈ విషయం తేల్చింది. వంశాన్ని బట్టి చూపే వివక్షలోకి కులంతోపాటు దానిలాంటి వారసత్వ హోదా వ్యవస్థలు కూడా వస్తాయని చెప్పింది. ‘దానిలాంటివి’ ఎక్కడున్నాయి? పశ్చిమ ఆఫ్రికా సమాజాల మీద జరిగిన పరిశోధనల్లో దీనికి జవాబు దొరుకుతుంది.

ఆగ్నేయ నైజీరియాలో ఇగ్బో ప్రజలున్నారు. వారిలో ఒకప్పుడు దేవతకు అంకితమైన మనుషులనూ వారి సంతానాన్నీ ‘ఒసు’ అంటారు. మిగతావారు ‘దియాలా’, అంటే స్వతంత్రులు. అంకితం అనగానే మనకు జోగిని గుర్తొస్తుంది. అయితే ఇక్కడ ఆడ, మగ తేడా లేదు. ఆ ముద్ర తరతరాలకూ వస్తుంది. ఒసును పెళ్లాడిన దియాలాకూ అదే ముద్ర పడుతుంది.

చినువా అచెబె 1960లో రాసిన ‘నో లాంగర్ ఎట్ ఈజ్’ నవల ఈ వివక్ష మీదే నడుస్తుంది. ఇంగ్లండ్‌లో చదివొచ్చిన ఒబి, నర్సుగా పనిచేసే క్లారాను పెళ్లి చేసుకోవాలనుకుంటాడు. ఆమె ఒసు. ఒబి తండ్రి జీవితమంతా చర్చి సేవలో గడిపినవాడు. అయినా ఈ పెళ్లికి ఒప్పుకోడు. మతం మారినా కులం వెంటే రావడం తెలుగు క్రైస్తవ దళితులకు కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

ఈ నవలకు నాలుగేళ్ల ముందే, 1956లో, తూర్పు నైజీరియా శాసనసభ ఒసు వ్యవస్థను రద్దు చేసింది. అప్పటి ప్రీమియర్ న్నమ్ది అజికివే. ఆ రోజుతో ఒసులు ఒసులు కాకుండా పోతారనీ, వారికి పుట్టబోయే పిల్లలు కూడా ఒసులు కారనీ చట్టం ప్రకటించింది. దానికి ఒక్క ఏడాది ముందు, 1955లో, మన దేశంలో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. దాదాపు ఒకే కాలంలో రెండు చోట్లా చట్టాలొచ్చాయి. ఆ తర్వాత దారులు వేరయ్యాయి.

మన దగ్గర షెడ్యూల్డ్ కులాల జాబితా ఉంది, రిజర్వేషన్లున్నాయి, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఒసులకు జాబితా లేదు. నైజీరియా 2006 జనగణనలో తెగ, మతం కూడా అడగలేదు. ఇక ఒసు సంగతి చెప్పేదేముంది? 1999 రాజ్యాంగంలోని 42వ సెక్షన్ పుట్టుకను బట్టి వివక్ష కూడదంటుంది. కానీ వివక్షకు గురయ్యేది ఎందరో చెప్పే లెక్కే లేదు.

ప్రభుత్వం దగ్గర జాబితా లేకపోయినా, ఊరి దగ్గర ఉంది. పెళ్లి మాట రాగానే రెండు కుటుంబాలూ పూర్వీకుల గురించి వాకబు చేస్తాయి. పేరు చూసి పోల్చుకోలేనిది, నగరంలో కనిపించనిది, అక్కడ బయటపడుతుంది. సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడం కులానికి ప్రాణమని అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో చెప్పారు. ఆయన రాసింది భారతదేశం గురించే అయినా, ఒసు ఎందుకు మిగిలిందో అర్థం చేసుకోవడానికి ఆ మాటే పనికొస్తుంది.

అయితే అన్నిటికీ ఒకే కొలబద్ద పెట్టలేం. సెనెగల్‌లోని వోలోఫ్ సమాజంలో విభజన వృత్తిని బట్టి ఉంటుంది. కమ్మరులు, తోలు పనివారు, వంశచరిత్రలు పాడే గ్రియోలు ‘న్యేన్యో’లు, మిగతావారు ‘గేర్’లు. బానిసల సంతతి వీరికి వేరుగా మరో వర్గం. సెనెగల్ సామాజిక శాస్త్రవేత్త అబ్దులాయ్ బారా దియోప్ 1981లో వోలోఫ్ సమాజంపై తెచ్చిన పుస్తకం ఈ అంతస్తులను విడమర్చి చూపింది. తాల్ తమారీ 1991లో పశ్చిమ ఆఫ్రికాలో పదిహేనుకు పైగా ప్రజా సమూహాల్లో ఇలాంటి వర్గాలను గుర్తించారు. అక్కడా గట్టిగా నిలిచిన గోడ పెళ్లే.

ఈ పరిశోధనల నుంచి మనం తీసుకోవాల్సింది ‘కులం అంతటా ఉంది’ అనే ఓదార్పు కాదు. పేరు చెరిపేస్తే వివక్ష దానంతటదే పోతుందనే వాదన మన దగ్గరా తరచూ వినిపిస్తుంది. కుల గణన వద్దనేవారు చెప్పేదీ దాదాపు అదే. పేరునే రద్దు చేసిన చట్టం ఒక సమాజంలో ఏడు దశాబ్దాలుగా ఉంది. అక్కడ ముద్ర మిగిలింది, హక్కు అడగడానికి ఆధారం మాత్రం మిగల్లేదు. జాబితాలో ఉండటం అవమానమని మనతో ఎవరైనా అంటే, ఒసుల అనుభవం వారి ముందు పెడదాం.