పాటల డబ్బా – వాట్ల లెక్క

"నువ్వు సైన్సు సదువుతున్నవ్ గద బిడ్డా, నువ్వే జూసి కొనుక్కరా" అని బాపు నా చేతిలో రెండు వేల రూపాయలు పెట్టినాడు. సోయా అమ్మిన పైసలు. బి.ఎస్సీ. రెండో సంవత్సరంలో నేను చదివిన భౌతికశాస్త్రానికి ఇంట్లో పని పడటం అదే మొదటిసారి.

మాది బాసరకు ఆనుకొని ఉన్న పల్లె. ఇంట్లో ఒక ట్రాక్టరు, పోయిన ఏడు సెకండ్ హ్యాండులో కొన్న మారుతి 800 కారు ఉన్నాయి. కారులో క్యాసెట్ డెక్కు ఉంది గాని, అది మూగబోయి ఎన్నేళ్ళయిందో అమ్మినాయనకే తెలియదు. గోదావరి వంతెన దాటి నిజామాబాదు పోయి వచ్చేటప్పుడు పాటలుండాలని బాపు కోరిక. అదే డబ్బా దున్నేటప్పుడు ట్రాక్టరు మీద గూడ మోగాలని తమ్ముని కోరిక. "సప్పుడు ఊరంత వినవడాలె అన్నా" అన్నాడు వాడు.

నిజామాబాదులో ఒక దుకాణంలో మొదట చూపించింది పెన్ డ్రైవు పెట్టే డెక్కు. అట్టపెట్టె మీద '50 వాట్లు × 4' అని పెద్ద అక్షరాలు. మిత్రులారా, ఇక్కడ కొంచెం లెక్క చేయక తప్పదు. ఇంజను నడుస్తున్నప్పుడు కారు బ్యాటరీ దగ్గర సుమారు 14.4 వోల్టులుంటాయి. మామూలు కారు స్పీకరు నిరోధం 4 ఓములు. ఇటువంటి చవక డెక్కులో వోల్టేజిని పెంచే ఏర్పాటు ఉండదు. కనుక మీట ఎంత తిప్పినా తరంగ శిఖరం 14.4 దగ్గర ఆగిపోతుంది. సైను తరంగానికి సామర్థ్యం కావాలంటే శిఖర వోల్టేజి వర్గాన్ని నిరోధానికి రెట్టింపుతో భాగించాలి. 207ను 8తో భాగిస్తే దాదాపు 26 వాట్లు. అదీ నష్టాలేమీ లెక్కించకుండా. మరి 50 ఎక్కడిది? మీట పూర్తిగా తిప్పితే తరంగం కొనలు తెగి చతురస్రంగా మారుతుంది. అప్పుడు 207ను 4తోనే భాగించవచ్చు, 52 వస్తుంది. అంటే అట్ట మీది అంకె పూర్తిగా అబద్ధం కాదు. కాని ఆ స్థితిలో వినవచ్చేది పాట కాదు, గరగర.

నమ్మకం కుదరక డెక్కును వెనుకకు తిప్పి చూసినాను. ఫ్యూజు 10 ఆంపియర్లది. నాలుగు స్పీకర్లకు కలిపి 200 వాట్లంటే, నష్టం లేదనుకొన్నా 14 ఆంపియర్లు కావాలి. 10 ఆంపియర్ల దారిన 144 వాట్లు లోపలికి పోతే 200 బయటికి ఎట్లా వస్తాయని అడిగినాను. దుకాణం ఆయన నవ్వి, "తమ్మీ, కొననీకి వచ్చినవా, పరీక్ష రాయనీకి వచ్చినవా?" అన్నాడు. మంచి మనిషి, కోపం చేసుకోలేదు. వాట్లు చూడకుండా ఫ్యూజు చూడమని నేను మిత్రులకు చెప్పేది అప్పటి నుంచే.

డెక్కయితే ట్రాక్టరుకు, కారుకు మార్చలేము. అందుకని చేత పట్టుకొనే బ్లూటూత్ డబ్బాల వైపు మళ్ళినాను. ఒకదాని మీద '10 వాట్లు, 8 గంటలు' అని ఉంది. లోపలి లిథియం సెల్లు 3.7 వోల్టులు, 2000 మిల్లీ ఆంపియర్ గంటలు. రెండూ గుణిస్తే 7.4 వాట్ గంటలు. ఎడతెగకుండా 10 వాట్లు ఇస్తే ముప్పావు గంటకే ఖాళీ. మెల్లగా పెట్టుకొంటే 8 గంటలు వస్తాయి గాని, ఆ రెండు అంకెలు ఒకేసారి నిజం కావు. ఇక 20 వాట్లది కొంటే చప్పుడు రెట్టింపవుతుందా? కాదు. రెట్టింపు వాట్లకు పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. కాబట్టి వాట్లకు పైసలు పోయకుండా, సెల్లు పెద్దదీ స్పీకరు వెడల్పుదీ చూసి 1,350 రూపాయలకు ఒకటి తీసుకొన్నాను. పెన్ డ్రైవూ, రేడియో కూడ పలుకుతుంది.

రేడియో సంగతి ఒకటి చెప్పాలి. ఈ డబ్బాలకు బయట ఏరియల్ పుల్ల ఉండదు, గుచ్చిన వైరునే ఏరియల్ గా వాడుకొంటాయి. నిజామాబాద్ ఆకాశవాణి 103.2 మెగాహెర్ట్జ్ అంటే తరంగ దైర్ఘ్యం 2.9 మీటర్లు, అందులో నాలుగో వంతు 73 సెంటీమీటర్లు. అంత పొడుగు వైరు గుచ్చి అద్దం దగ్గర వేలాడదీస్తే కారు రేకు అడ్డం లేకుండా బాగా పట్టింది. ఎండాకాలం మాత్రం డబ్బాను కారులో వదలకూడదు. మా వైపు ఎండలో నిలిపిన కారులో వేడి 60 డిగ్రీలకు పోతుంది, లిథియం సెల్లు ఉబ్బిపోతుంది. చేత పట్టుకొని పోగలగడమే దీని లాభం.

ఇక ట్రాక్టరు. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూసినాను (కచ్చితమైన తరాజు కాదు, రెండు మూడు అటూ ఇటూ). కిటికీలు మూసి కారు నడుపుతుంటే 70 చిల్లర. దున్నుతున్న ట్రాక్టరు మీద, చెవి దగ్గర, 93. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళు 8 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ళకు కాలం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక్క గంట. ట్రాక్టరు చప్పుడే హద్దు దాటి ఉన్నది. పాట దాని మీద వినబడాలంటే ఇంకా పైకి పోవాలి. వానకాలంలో తమ్ముడు పొద్దుటి నుంచి మాపటి దాకా దున్నుతాడు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చచ్చిపోతే మళ్ళీ మొలవవు. మొదట పోయేది సన్నని ధ్వనులు. మాట వినబడుతుంది గాని 'స', 'శ', 'ఫ' తెలియవు. ఈ వాక్యం పాఠంలో చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

దుకాణం నుంచి వచ్చిన రోజు సాయంత్రం కారులో డబ్బా పెట్టినాము. బాపు ముందు కూర్చున్నాడు, తమ్ముడు వెనుక. యాప్ లో 78 చూపే వరకు పెంచి, ఇంక చాలనుకొన్నాను. నాకైతే అది ఎక్కువే. బాపు ఇరవై ఏండ్లకు పైగా ఆ ట్రాక్టరు నడిపిన మనిషి. "జర పెంచురా, మాటలు తెలుస్తలెవ్వు" అన్నాడు.

డబ్బాను ట్రాక్టరు ఎక్కించమని తమ్ముడు మళ్ళీ అడగలేదు. మిగిలిన పైసల్లో చెవులకు పెట్టుకొనే కప్పులు తెచ్చినాను. రెండు రోజులు పెట్టుకొని, చెమట పోస్తున్నదని తీసేసినాడు. ఇప్పుడు మెత్తని చెవి బిరడాలు తెచ్చిచ్చినాను, అవి నడుస్తున్నాయి. బాపును చెవుల డాక్టరు దగ్గరకు రమ్మంటే పత్తి ఏరినంక చూద్దామంటున్నాడు.