మీకు తెలుసా? గరిక, తైదలు దగ్గరి చుట్టాలే!

హైదరాబాద్‌లో బౌద్ధనగర్ నుంచి ఉస్మానియా క్యాంపస్ వైపు నడిచేటప్పుడు గోడ వారన వెన్ను తీసిన గరిక పోచ కనిపిస్తే ఒకటి తెంపి చూడండి. కొసన ఒకే చోటు నుంచి మూడో, నాలుగో, ఆరో సన్నటి వేళ్లు విచ్చుకుని ఉంటాయి. తైద (రాగి) కంకి కూడా ఇంతే. కాకపోతే దాని వేళ్లు లావుగా, గింజలతో నిండుగా ఉంటాయి. ఈ పోలిక ఊరికే రాలేదు. రెండూ గడ్డి కుటుంబంలోని క్లోరిడాయిడే అనే ఒకే శాఖకు చెందినవి. దాదాపు 1,600 జాతులున్న ఈ శాఖకు ఎండ మండే, వాన కురవని నేలలంటేనే ఇష్టం. ఇథియోపియావాళ్లు ఇంజెరా రొట్టె పోసుకునే టెఫ్ కూడా ఇందులోదే. మన తైదల పుట్టిల్లూ తూర్పు ఆఫ్రికాయే.

ఇంత ఎండను ఎలా ఓర్చుకుంటాయి? కిటుకంతా ఆకులో ఉంది. వేడి పెరిగేకొద్దీ వరి ఆకులోని రూబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడం ఎక్కువవుతుంది. దాంతో చేసిన పని కొంత వృథా. గరిక, తైదలు అలా కానివ్వవు. కార్బన్ డయాక్సైడ్‌ను ముందు నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి, ఈనెల చుట్టూ ఉంగరంలా పేర్చుకున్న కణాల్లోకి చేరవేసి, అక్కడ రూబిస్కోకు దండిగా అందిస్తాయి. సీ4 మొక్కలన్న పేరు అందుకే. ఆకు రంధ్రాలను బార్లా తెరవాల్సిన పని లేదు కాబట్టి నీరూ మిగులుతుంది. అయితే ఈ చేరవేతకు అదనపు శక్తి కావాలి. చెట్ల నీడలో గరిక పలచబడటానికి అదొక కారణం.

జొన్న, సజ్జ, చెరకు వేరే శాఖవైనా వాటిదీ ఇదే పద్ధతి. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ 1966లో దీన్ని వివరించింది చెరకు ఆకుల్లోనే. మనవాళ్లూ వెనకబడలేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆచార్యుడు వి.ఎస్. రామదాస్, ఆయన శిష్యుడు ఎ.ఎస్. రాఘవేంద్ర అప్పటికి కొత్తగా బయటపడిన సీ4 మొక్కల అనుబంధ జాబితాను 1978లో ప్రచురించారు. ఆ పని గురించి మన పాఠ్యపుస్తకాల్లో రెండు వాక్యాలైనా ఉండాలి.

ఇక తైదల పోషకాల సంగతికి వద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల తైదల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 10 కూడా లేదు. తైదలను మొలకెత్తించి పిండి పట్టిస్తే ఖనిజాలను పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గి, ఆ ఖనిజాలు ఒంటికి మరింత బాగా పడతాయి.