గచ్చిబౌలి యూనివర్సిటీలో మన సీటు



హైటెక్ సిటీ అంటే మనందరికీ సైబర్ టవర్సే గుర్తుకొస్తుంది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన బిల్డింగు. దానికి కొంచెం దూరంలో గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఇది సైబర్ టవర్స్ కంటే ఇరవై నాలుగేళ్ళు పెద్దది. నేను రాసేది దీని గురించే.

1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం జరిగాయి. ఉద్యోగాలు ఎవరికి, చదువులు ఎవరికి అన్న తగాదా పెద్దదైంది. విద్యార్థులు వేలమంది రోడ్ల మీదికొచ్చారు, కాల్పుల్లో చనిపోయారు కూడా. చివరికి 1973లో ఆరు సూత్రాల పథకం కుదిరింది. అందులో ఒకటి హైదరాబాదులో కేంద్ర విశ్వవిద్యాలయం పెట్టడం. మాట ఇచ్చి మర్చిపోకుండా రాజ్యాంగంలోనే 371-ఇ అని రాసేశారు. 1974 అక్టోబరు 2న యూనివర్సిటీ మొదలైంది. అప్పుడు గచ్చిబౌలిలో కాదు, సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో!

ఇక మన సీటు సంగతి. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు నూటికి ఏడున్నర సీట్లు ఇవ్వాలని 2006లో పార్లమెంటు చట్టం చేసింది. అంటే 40 సీట్లున్న కోర్సులో 3 మనవి. రిజర్వేషన్ గవర్నమెంటు దయ అని కొందరంటారు. నాకు ఆ మాట నచ్చదు. దయ అయితే ఇచ్చినప్పుడు తీసుకోవాలి, ఇవ్వకపోతే ఊరుకోవాలి. చట్టం కాబట్టి “మా మూడు సీట్లు ఏవి సార్?” అని అడగొచ్చు, కోర్టుకైనా పోవచ్చు. ప్రజాస్వామ్యం అని సోషల్ పుస్తకంలో చదివేది ఇదేనన్నమాట. పక్కనే ఉన్న ప్రైవేటు కంపెనీల్లో మాత్రం ఎస్టీలకు ఇన్ని ఉద్యోగాలివ్వాలని ఏ చట్టమూ లేదు. ఆ గేటు దాటాలంటే మనలాంటివాళ్ళకు చేతిలో చదువుండాలి. అందుకే ఈ సీటు మనకు అంత ముఖ్యం.

చట్టమున్నా పని జరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో చూడండి. గిరిజన విశ్వవిద్యాలయం పెడతామని 2014 విభజన చట్టంలో రాశారు. ములుగులో సమ్మక్క సారక్క యూనివర్సిటీకి పార్లమెంటు ఒప్పుకున్నది 2023 డిసెంబరులో. తొమ్మిదేళ్ళు! దాన్ని మొదట్లో నడిపించే బాధ్యత గచ్చిబౌలి యూనివర్సిటీకే ఇచ్చారు.

వార్డెన్ సారుకు ఒక మనవి. ఈ రెండు యూనివర్సిటీల అడ్మిషన్ నోటిఫికేషన్ పేపర్లో పడ్డ రోజే కత్తిరించి ఈ గోడమీద అంటించాలి. ఆఖరి తేదీ కింద ఎర్ర ఇంకుతో గీత నేను గీస్తాను.