బస్తా మూతి – రాకెట్ మూతి

మా కమాన్‌పూర్‌లో వడ్ల బస్తా మూతి కట్టేటప్పుడు గమనించండి. గుడ్డ అంతే, కానీ చుట్టుకొలత తగ్గేసరికి మడతలన్నీ అక్కడే పోగవుతాయి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్ ఏఎస్ఎల్ అగ్ని క్షిపణులకి చేసే కాంపోజిట్ మోటార్ కేసింగ్‌లాంటి వాటికీ ఇదే తలనొప్పి.

రెజిన్ పట్టించిన కార్బన్ దారాన్ని అచ్చు మీద చుట్టుకుంటూ పోతారు. సిలిండర్ భాగంలో మందం సమానంగానే వస్తుంది. చివర్న గుమ్మటం మీద చుట్టుకొలత తగ్గుతుంది, దారాల సంఖ్య మాత్రం తగ్గదు! అందుకే మూతి చుట్టూ గుట్టలా పేరుకుంటాయి. వాటి కింద గాలి సందులు మిగిలితే బలం పోతుంది. ఊరికే పెరిగిన బరువు రేంజ్‌ని తినేస్తుంది.

మరి ఏం చేస్తారు? అన్ని పొరల్నీ ఒకేచోట తిప్పకుండా, ఒక్కోదాన్ని మూతికి ఒక్కో దూరంలో వెనక్కి తిప్పుతారు. దారం బిగువు, రెజిన్ మోతాదు మారకుండా చూస్తారు. ఆ దారి మొత్తం ముందే లెక్కగట్టేది సాఫ్ట్‌వేర్. అంటే సీఎస్ఈ వాళ్లకీ ఇక్కడ పనుందన్నమాట!