గోదావరి కాలువగట్ల వెంబడి

రైలులో పోవువారికి గోదావరి డెల్టా యొక పచ్చని గీతవలె గడచిపోవును. మోటారు సైకిలుపై పోవువారికి కాలువమీది చల్లగాలి, నాటుమడుల బురదవాసన, గట్టుక్రింది బాతుల గోల, అన్నియు అందును. శ్రావణమాసారంభమున మేమును మావారును రాజమహేంద్రవరమునుండి రావులపాలెమునకు పెద్దరహదారిని విడిచి, కాలువగట్ల త్రోవను పోయితిమి. వెనుక కూర్చుండువారికి చూచుట దప్ప వేఱు పని లేదు. చీర కుచ్చెళ్లు చక్రమున బడకుండ బిగించుకొనుట మాత్రము సోదరీమణులు మఱువరాదు.

ధవళేశ్వరమున నేడు మనము దాటునది కాటను దొరగారి పాత ఆనకట్ట కాదు. అది 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. దాని స్థానమున తరువాత కట్టిన బారేజికి 175 తలుపులున్నవి. ఆనకట్టకు పూర్వము ఇంత నది కనులయెదుట సముద్రమునకు పోవుచుండగనే జనులు ఆకలిచే మడసిరి. 1832-33 నాటి కఱవును పెద్దలు డొక్కల కఱవని చెప్పుకొనిరి. ఆ పేరు వినిన పిదప నీటిని చూచు చూపే వేఱగును.

బొబ్బర్లంకయొద్ద దిగినంతనే గౌతమీ వసిష్ఠల నడిమి భూమి మొదలగును. ఇచట కాలువ చేలకంటె ఎత్తున పారును. తూము తీసిన చాలును, నీరు తనంత దిగివచ్చును. ఆత్రేయపురము చేరువనున్న లొల్ల లాకులయొద్ద కొంతసేపు నిలిచితిమి. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీటిని పెంచియో తగ్గించియో దానిని ఎక్కించుటకును దించుటకును ఈ లాకులు కట్టిరి. లారీలు రాకమునుపు ధాన్యమును, పెండ్లివారును ఈ త్రోవనే పోయెడివారు.

ఒకచోట నాట్లు వేయుచున్న స్త్రీలను చూచి మావారు బండి నిలిపిరి. వారిలో నొకామె కౌలురైతు భార్య. నీరు వచ్చినది గదా, ఇంకేమి కొఱత యని మేమడుగగా, ఆమె నడుము నిలువదీసి, “నీళ్లు వస్తే సరిపోద్దా అమ్మగారూ? పోవాలి గదండీ!” అనినది.

డెల్టా సేద్యమునందలి చిక్కంతయు ఆ మాటలోనే యున్నది. మురుగుకాలువలు పూడియున్నచో వానకు చేలు మునిగి లేతనాటు కుళ్లును. కాలువకు నీరు ఆలస్యముగా విడిచినచో పంట ఇంటికి రాకమునుపే కార్తికపు తుపాను వచ్చును. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరితోటలనే కూల్చినది. పంట పోయినను కౌలుబస్తాల మాట పోదు. భూమి పరులపేర నుండుటచే బ్యాంకు అప్పు దొరకుట కష్టము. 2011లో కోనసీమ రైతులు పెట్టుబడి పెరిగినది, తగిన ధర లేదు అని పంటవిరామము ప్రకటించి, ఇంత నీటి యెదుటనే చేలను బీడుపెట్టిరి. అట్టి యేట కూలిస్త్రీల వంటయిల్లు ఎట్లు గడచెనో ఏ లెక్కలోను మాకు కనబడలేదు.

ఆత్రేయపురమున పూతరేకులు చేయు ఇంట కూర్చుంటిమి. 2023లో ఈ రేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. బోర్లించిన కుండ క్రింద మంట. పలుచని బియ్యపుపిండిలో ముంచిన గుడ్డను కుండపై ఒక్కమారు లాగినంతనే పొరవంటి రేకు లేచును. చెప్పుట తేలిక, ఆ వేడియెదుట పూటంతయు కూర్చుండుట తేలిక గాదు. ఉదయమునుండి ఆ పొగలోనే యున్న యామె చెమట తుడుచుకొని, మాకు చెఱియొక రేకు చుట్టియిచ్చి, నేయి చాలునా యని యడిగినది.