పసితలలో దారి చూపే పటం

సేదరపేట్ పారిశ్రామికవాడకు విడిభాగాల తనిఖీకి వెళ్ళినప్పుడు మనం మొదట చేసే పని, వస్తువును కదలకుండా బిగించి ఆధారతలాన్ని నిర్ణయించుకోవడం. పసిబిడ్డ మెదడులో కణితిని వెదికే శస్త్రవైద్యునికీ అదే అవసరం. కాకపోతే అక్కడ కొలత తప్పితే పారవేసేది ఇనుప ముక్క కాదు. బిడ్డకు మాటో, చూపో పోవచ్చు.

1908లో లండన్‌లో హార్స్‌లీ, క్లార్క్ జంతువుల తలకు లోహపు చట్రం బిగించి, మూడు అక్షాల కొలతలతో మెదడులోని బిందువును చేరుకున్నారు. 1947లో స్పీగెల్, వైసిస్ ఆ పద్ధతిని మనుషులకు అన్వయించారు. నేడు ఆ చట్రం లేకుండానే, ముందుగా తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రాన్ని కంప్యూటర్ బిడ్డ తలతో సరిపోల్చుతుంది. పరారుణ కెమెరా గమనిస్తూ ఉండగా, పరికరపు కొన ఎక్కడున్నదో తెరపై కనిపిస్తుంది.

ఇందులో చిక్కంతా బిగింపు దగ్గరే. పెద్దల తలను మూడు మేకుల క్లాంపుతో పట్టి ఉంచుతారు. రెండేళ్ళలోపు బిడ్డల పుర్రె పలుచన కనుక మేకు లోనికి దిగే ప్రమాదమున్నది. వారికి విద్యుదయస్కాంత పద్ధతి అనుకూలం: తలకు అమర్చిన చిన్న సెన్సరు తలతోపాటే కదులుతుంది, కనుక మేకులతో పని లేదు. ఇనుప పనిముట్లు దగ్గరైతే ఆ క్షేత్రం వక్రిస్తుందని మన విద్యుత్ విభాగపు మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

అంతా సరిగా అమరినా, మెదడు పొరను కోయగానే ద్రవం జారి మెదడు కొన్ని మిల్లీమీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకన్నా ఎక్కువగా కుంగుతుంది. అప్పటికి తెరమీది పటం పాతదైపోయినట్లే. అందుకే వైద్యులు మధ్యలో అల్ట్రాసౌండ్‌తో సరిచూసుకుంటారు; కొన్ని ఆసుపత్రులలో శస్త్రచికిత్స నడుమనే మరల ఎం.ఆర్.ఐ. తీస్తారు.